హామీ బ్యాంకుకు, బాకీ మనకు

వైరింగ్ పనిలో డబ్బు ముందు గోడలోకి పోతుంది. చేతికి రావడం ఆ తర్వాతెప్పుడో. స్లాబ్ పోసే ముందు పైపులు, ఫ్యాన్ బాక్సులు పరచాలి. గోడలు లేచాక గోడ కొట్టి పైపులు దింపాలి, స్విచ్ బాక్సులు బిగించాలి. ప్లాస్టరింగ్ అయ్యాక వైరు లాగాలి. రంగులు పడ్డాక స్విచ్చులు, డీబీలు, ఎంసీబీలు. ఏ దశకు కావాల్సిన సామాను ఆ దశకు ముందే కొనాలి. బిల్లు పెట్టేది మాత్రం ఆ దశ పూర్తయ్యాక. బిల్డరు ఆ బిల్లు చెల్లించేది తన ఫ్లాట్లకు అడ్వాన్సులు పడ్డాక. ఈ మధ్యకాలమంతా కాంట్రాక్టరు ఎవరి డబ్బుతో నెట్టుకొస్తాడన్నదే ఈ వృత్తిలో అసలు ప్రశ్న.

మా ఆయనది ఏలూరులో ఎలక్ట్రికల్ కాంట్రాక్టు. సైట్లు, మనుషులు, పని ఆయన చూసుకుంటారు. కొటేషన్లు, బిల్లులు, జీఎస్టీ, కుర్రాళ్ల వారపు కూలీ, బ్యాంకు వ్యవహారం నా వంతు. మా లైనులో వాళ్లు చాలామంది నాకు తెలుసు. పని బ్రహ్మాండంగా వచ్చు, చేతిలో లైసెన్సు ఉంది, పేరూ ఉంది. పొలం మాత్రం లేదు. పాసుపుస్తకమో, ఇంటి దస్తావేజులో లేకుండా బ్యాంకు మెట్లెక్కడం దండగని వాళ్ల గట్టి నమ్మకం. అందుకని బ్యాంకుకు వెళ్లకుండా రెండు రూపాయల వడ్డీకో మూడు రూపాయల వడ్డీకో తెస్తారు, లేదంటే భార్య మెడలోది బంగారం కొట్లో పెడతారు. తాకట్టు లేకుండా అప్పిచ్చే ఏర్పాటు దేశంలో పాతికేళ్లుగా ఉంది. అదేంటో, దానికి మనం ఎలా సిద్ధపడాలో నాకు తెలిసినంత మేరకు చెప్తాను.

ముందు వడ్డీ లెక్క చూడండి. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో వైరు లాగే దశకు వచ్చేసరికి ఒక్క వైర్లకే 8 లక్షలు కావాలనుకుందాం. ఆ డబ్బు తిరిగి రావడానికి నాలుగు నెలలు. రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 16 వేలు, నాలుగు నెలలకు 64 వేలు. అదే 11 శాతం వడ్డీకి బ్యాంకు క్యాష్ క్రెడిట్ (లిమిట్ లోపు కావాల్సినప్పుడు తీసుకుని, వచ్చినప్పుడు కట్టే ఖాతా) ఉంటే నాలుగు నెలలకూ కలిపి 29 వేల చిల్లర. మిగిలే 35 వేలు ఇద్దరు హెల్పర్ల నెల కూలికి దగ్గర. పైగా వైర్ల కొట్లో అరువుకు ఒక రేటు, అక్కడికక్కడ డబ్బు కొడితే ఇంకో రేటు. రాగి సంగతి సరేసరి. 2024 మే నెలలో లండన్ మార్కెట్లో టన్ను రాగి 11 వేల డాలర్లు దాటింది. మేము బిల్డరుకు పాయింటుకింతని రేటు ఒప్పుకున్నది అంతకు ఎన్నో నెలల ముందు. చేతిలో డబ్బున్నవాళ్లు పని ఒప్పుకున్న వారంలోనే కాయిల్సు కొని గదిలో పెట్టుకున్నారు. లేనివాళ్లు పెరిగిన ధరకు కొని లాభం మొత్తం వైరులోనే పోసుకున్నారు.

ఇక ఆ ఏర్పాటు సంగతి. సూక్ష్మ, చిన్న సంస్థలకిచ్చే అప్పులకు హామీగా ఉండేందుకు కేంద్ర ప్రభుత్వం, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకైన సిడ్బీ కలిసి 2000 ఆగస్టులో ఒక ట్రస్టు పెట్టాయి. బ్యాంకుల్లో అందరూ సీజీటీఎంఎస్ఈ అంటారు. నోరు తిరగని పేరే అయినా గుర్తు పెట్టుకోండి, మేనేజరు దగ్గర ఆ పేరు పలకగలగడమే సగం పని. దాని మూలనిధిలో నాలుగు వంతులు కేంద్రానివైతే ఒక వంతు సిడ్బీది. 2023-24 బడ్జెట్‌లో కేంద్రం దానికి మరో 9 వేల కోట్లు కేటాయించింది. అంతకుముందు ఒక్కో సంస్థకు 2 కోట్ల దాకా ఉన్న హామీ పరిమితి 2023 ఏప్రిల్ నుంచి 5 కోట్లకు, 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లకు పెరిగింది. మా వాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది ఐదు లక్షల నుంచి పాతిక లక్షల మధ్యే కాబట్టి కోట్ల మాటతో మనకు పని లేదు. మనకు పనికొచ్చే మాట ఇంకొకటుంది. 10 లక్షల లోపు అప్పుకు సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర తాకట్టు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు తప్పనిసరి చేసింది.

ఈ ట్రస్టు మనకు అప్పివ్వదు. మనం దానికి అర్జీ పెట్టుకునే వీలు కూడా లేదు. అప్పిచ్చేది బ్యాంకే. మన పని, మన లెక్కలు చూసి ఇవ్వొచ్చని తేల్చుకున్నాక, ఆ అప్పును బ్యాంకే ట్రస్టు దగ్గర నమోదు చేసి హామీ తీసుకుంటుంది. రేపు మనం కట్టలేకపోతే బ్యాంకుకు పోయిన సొమ్ములో చాలా భాగం ట్రస్టు ఇస్తుంది. మామూలుగా అది 75 శాతం. 5 లక్షల లోపు తీసుకున్న సూక్ష్మ సంస్థలకైతే 85 శాతం. మహిళల సంస్థలకు ఇచ్చే హామీ మామూలు దానికన్నా ఎక్కువ. "ట్రస్టులో డబ్బిప్పిస్తాం, కమీషనివ్వండి" అంటూ ఫోన్లు చేసేవాళ్లను నమ్మొద్దు. ట్రస్టుకు ఏజెంట్లు లేరు.

ఈ హామీని మా వాళ్లు ఎలా అర్థం చేసుకుంటున్నారో చూస్తే భయమేస్తుంది. మా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్న కుర్రాడు ఆ మధ్య వచ్చి, "అక్కా, గవర్నమెంటు హామీ లోనంట కదా, కట్టకపోయినా పర్లేదంటున్నారు" అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. నాయనా, హామీ బ్యాంకుకు, బాకీ నీకు. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది. ట్రస్టు బ్యాంకుకు డబ్బిచ్చినంత మాత్రాన నీ అప్పు తీరదు. బ్యాంకు నీ వెంట పడుతూనే ఉంటుంది, వసూలైన దాంట్లో ట్రస్టు వాటా ట్రస్టుకు పంపుతుంది. నీ సిబిల్ స్కోరు పాడైతే రేపు బండికి కూడా లోను పుట్టదు. మన కాగితంలో తాకట్టు లేదంటే పొలం, ఇల్లు రాయించుకోలేదనే. కొన్న సామాను, రావాల్సిన బిల్లులు బ్యాంకు పేర హైపాథికేషన్‌లో ఉంటాయి, నీ సంతకం నిన్ను పట్టుకునే ఉంటుంది.

ఈ హామీకి ఏడాదికోసారి రుసుము ఉంటుంది. 2023 ఏప్రిల్‌లో బాగా తగ్గించారు. 10 లక్షల దాకా 0.37 శాతం, ఆపైన 50 లక్షల దాకా 0.55 శాతం. 12 లక్షల అప్పుకు మొదటి ఏడాది 6,600, దాని మీద జీఎస్టీ. బ్యాంకును బట్టి కాస్త అదనం పడొచ్చు. సాధారణంగా ఇది మన ఖాతాలోంచే కట్ అవుతుంది. స్టేట్‌మెంట్‌లో కనపడగానే కంగారు పడి మేనేజరుతో గొడవ పెట్టుకున్న వాళ్లున్నారు. రెండు రూపాయల వడ్డీలో పన్నెండు రోజులకే ఇంతకన్నా ఎక్కువ పోతుంది.

హామీతో తీసుకునే అప్పుకు బయటి వాళ్ల షూరిటీ అడగడం నిబంధనలకు విరుద్ధం. సొమ్ము పెద్దదైనప్పుడు కొంత భాగానికి ఆస్తి తాకట్టు, మిగిలిన దానికి ట్రస్టు హామీ అనే కలగలుపు పద్ధతి ఒకటుంది, అది వేరు. అయినా మొదట్లో మేము వెళ్లిన ఒక బ్రాంచిలో, "ప్రభుత్వోద్యోగులు ఇద్దరితో షూరిటీ పెట్టించండి" అన్నారు. సీజీటీఎంఎస్ఈ కింద చూడమని అడిగితే, "అవన్నీ పెద్ద తలనొప్పి" అన్నారు. మరో బ్రాంచిలో మేనేజరు గారు షూరిటీ మాటే ఎత్తలేదు. మా బిల్లుల కట్ట తిరగేసి, ప్రతి బిల్డరు ఎన్ని రోజులకు డబ్బు వేశాడో స్టేట్‌మెంట్‌లో వేలుపెట్టి వెతికారు. హామీ ఉన్నా కూడా అప్పు ఇవ్వొచ్చా లేదా అన్నది బ్యాంకు తన బుద్ధితోనే తేల్చుకోవాలి. అందుకే ఒకచోట కాదంటే మరోచోటికి వెళ్లాలి. జన్‌సమర్థ్ అని 2022లో వచ్చిన ప్రభుత్వ పోర్టల్ ఉంది, అందులో కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఎంత ఇస్తారు? మా వాళ్లు చేతులారా నష్టపోయేది ఇక్కడే.

చిన్న సంస్థల రోజువారీ పెట్టుబడికి బ్యాంకులు చాలాకాలంగా వాడుతున్న లెక్క ఒకటుంది, నాయక్ కమిటీ చెప్పింది. వచ్చే ఏడాది చేయబోయే వ్యాపారంలో పాతిక శాతం పెట్టుబడి అవసరమనుకుంటారు. అందులో 5 శాతం మనం పెట్టుకోవాలి, 20 శాతం బ్యాంకు ఇస్తుంది. ఏడాదికి 60 లక్షల పని చేసే కాంట్రాక్టరుకు 15 లక్షలు అవసరం. 3 లక్షలు సొంతం, 12 లక్షలు బ్యాంకు లిమిట్. బాగానే ఉంది కదా. కానీ ఆ 60 లక్షలు కాగితం మీద ఎక్కడున్నాయి? సేవల వ్యాపారంలో ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. అందుకని దాటకుండా చూపించే అలవాటు మా లైనులో బాగా ఉంది. సగం డబ్బు చేతికి తీసుకుంటారు, ఇంకొంత ఇంటావిడ ఫోన్‌పేకి వేయించుకుంటారు, ఖాతాలో పడేది 19 లక్షలు. బ్యాంకుకు కనపడేది ఆ 19 లక్షలే. దానికి లిమిట్ 3 లక్షల 80 వేలు. ఎనిమిది లక్షల వైర్లకు అది ఏ మూలకు? మిగతాది మళ్లీ రెండు రూపాయల వడ్డీ. పన్ను ఎగ్గొట్టి మిగుల్చుకున్నామనుకున్నదంతా వడ్డీ వ్యాపారి ఇంటికి చేరుతోంది. ఇలా తక్కువ చూపించడం చట్టరీత్యా తప్పు, వ్యాపారం లెక్కలోనూ తప్పే. ఈ మాట మా వాళ్లతో నేను ఎన్నోసార్లు గట్టిగా అన్నాను, ఇక్కడా అంటున్నాను.

ఫైలులో ఏముండాలో చెప్తాను. చిన్న సంస్థలకు ప్రభుత్వమిచ్చే ఉద్యం నమోదు పత్రం మొదటిది. 2020 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నమోదుకు పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే మనమే చేసుకోవచ్చు. బయట వేలకు వేలు గుంజుతున్నారు, ఇవ్వకండి. అందులో మన పని ఏ కోడ్ కిందికి వస్తుందో చూసి పెట్టాలి. ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ పనులు 4321తో మొదలవుతాయి. కొందరు కొట్టు కూడా ఉందని వ్యాపారం కోడ్ ఒక్కటే పెట్టేస్తారు, తర్వాత కాంట్రాక్టు పని చూపిస్తే పొంతన కుదరదు. రెండోది కాంట్రాక్టరు లైసెన్సు. దాని గడువు దరఖాస్తు నాటికి చాలా నెలలు మిగిలి ఉండేలా చూసుకోండి. రెండేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, ఏడాది జీఎస్టీ రిటర్నులు, కరెంటు ఖాతా స్టేట్‌మెంటు. ఇవి అందరూ చెప్పేవే.

నేను వీటికి రెండు కలుపుతాను. ఒకటి వర్క్ ఆర్డరు. మా లైనులో మాట మీద పనులు నడుస్తాయి. "రేపు మనుషుల్ని పంపండి బావా" అని బిల్డరు ఫోన్ చేస్తే, మా ఆయన తెల్లారేసరికి పైపులు దింపించేస్తారు. నేను ఆ రాత్రే ఒక పేజీ కొటేషన్ రాస్తాను: సైటు పేరు, ఎన్ని ఫ్లాట్లు, పాయింటుకు ఎంత, ఏ దశకు ఎంత శాతం, బిల్లు పెట్టిన ఎన్ని రోజుల్లో చెల్లింపు, చివర్లో ఎంత నిలుపుకుంటారు. అందులో వైరు కంపెనీ, సైజు కూడా ఉంటుంది: లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 స్క్వేర్ ఎంఎం. బిల్డరు లెటర్‌హెడ్ మీద ఇవ్వకపోతే, ఆ పేజీ కిందే సంతకం, ముద్ర వేయించుకుంటాం. మొదట్లో కొందరు, "ఏంటమ్మా, మా మీద నమ్మకం లేదా" అని నొచ్చుకున్నారు. "నమ్మకం మాకుందండీ, బ్యాంకుకు చూపించాలి" అన్నాక సంతకం పెట్టారు.

రెండోది బాకీల పట్టిక. ఏ బిల్డరుకు ఏ తేదీన బిల్లు పెట్టాం, ఎంత వచ్చింది, ఎంత నిలిచింది, ఎన్ని రోజులైంది. దీని విలువ లిమిట్ వచ్చాక తెలుస్తుంది. 12 లక్షల లిమిట్ ఉందంటే 12 లక్షలూ ఎప్పుడు పడితే అప్పుడు తీసుకోవచ్చని కాదు. ప్రతినెలా స్టాకు, రావాల్సిన బాకీల లెక్క బ్యాంకుకు ఇవ్వాలి. అందులోంచి మార్జిన్ తీసేసి ఎంత వాడుకోవచ్చో బ్యాంకు చెప్తుంది, డ్రాయింగ్ పవర్ అంటారు. సాధారణంగా 90 రోజులు దాటిన బాకీని అందులో కలపరు. చూడండి, బిల్డరు ఆలస్యం చేసిన నెలలోనే మనకు డబ్బు అవసరం ఎక్కువ, సరిగ్గా ఆ నెలలోనే బ్యాంకు మన పవర్ తగ్గిస్తుంది. అందుకే మేము పెద్ద బిల్లు ఒకటి పెట్టం. అంతస్తు అయిన కొద్దీ చిన్న రన్నింగ్ బిల్లులు పెడతాం. ఏ బిల్లుకైనా డబ్బు రాకుండా 60 రోజులు దాటాయంటే ఆ సైటుకు వైరు వెళ్లడం ఆగుతుంది. మా ఆయనకు మొహమాటం ఎక్కువ, ఆ ఫోను నేనే చేస్తాను.

ప్రభుత్వ పనులకు, డిస్కంల పనులకు వేరే రకం ఇబ్బంది. టెండరుకు ఈఎండీ (ముందస్తు డిపాజిట్టు) కట్టాలి, పని దక్కితే సెక్యూరిటీ డిపాజిట్టో బ్యాంకు గ్యారంటీయో ఇవ్వాలి. కేంద్ర సంస్థల కొనుగోళ్లలో చిన్న సంస్థలకు ఈఎండీ మినహాయింపు ఇచ్చే 2012 నాటి విధానం సరుకులకు, సేవలకే. వర్క్స్ కాంట్రాక్టులకు అది రాదు, ఉద్యం పత్రం చూపించి టెండరు తిరస్కరణ తెచ్చుకోవద్దు. బిల్లు వచ్చేటప్పుడు కూడా రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టుకు 2 శాతం జీఎస్టీ టీడీఎస్, ఒక్కరి సొంత సంస్థకు 1 శాతం ఆదాయపు పన్ను టీడీఎస్ పట్టుకునే ఇస్తారు. అవి మన డబ్బే, రిటర్ను వేసినప్పుడు లెక్కకొస్తాయి, కానీ అప్పటిదాకా చేతిలో ఉండవు. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది: ట్రస్టు హామీ నగదు అప్పుకే కాదు, బ్యాంకు మన తరఫున ఇచ్చే గ్యారంటీలకూ వర్తిస్తుంది. దరఖాస్తులోనే క్యాష్ క్రెడిట్‌తో పాటు బ్యాంకు గ్యారంటీ లిమిట్ కూడా అడగాలి. లేకపోతే ప్రతి గ్యారంటీకీ అంత సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంటారు.

ఈ రెండేళ్లలో మా పనిలోకి కొత్తగా వచ్చింది ఇంటి మీది సోలారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు పెట్టుకున్న ఇంటికి 78 వేలు సబ్సిడీ. అది పడేది ఇంటాయన ఖాతాలో, అదీ మీటరు బిగించి అంతా పూర్తయ్యాక. ఆయనేమో, "సబ్సిడీ పడగానే మీకిచ్చేస్తానండీ" అంటాడు. ప్యానెళ్లు, ఇన్వర్టరు మేం ముందే డబ్బిచ్చి తెచ్చుకోవాలి. అలాంటివి పది ఇళ్లయితే 7 లక్షల 80 వేలు జనం దగ్గరే ఉండిపోతాయి. క్యాష్ క్రెడిట్ లేనివాళ్లు ఈ పనిలోకి దిగకపోవడమే మంచిది. లేదా బ్యాంకులు ఇంటివాళ్లకే సోలారు లోన్లు ఇస్తున్నాయి, వాళ్లను ఆ దారి పట్టించాలి.

ఇప్పుడిప్పుడే మొదలుపెట్టే కుర్రాళ్లకు ఇవన్నీ పెద్ద మాటలు. వాళ్లకు కావాల్సింది డ్రిల్లింగ్ హ్యామరు, గోడ కోసే మిషను, మెగ్గరు, నిచ్చెన, పాత ట్రాలీ ఆటో. దీనికి ముద్ర లోను చాలు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ముద్రలో 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. తరుణ్ తీసుకుని సక్రమంగా తీర్చిన వాళ్లకు 2024 నుంచి 20 లక్షల దాకా ఇస్తున్నారు. దీనికీ తాకట్టు లేదు, దీని వెనకా ఇంకో హామీ నిధి ఉంది. చేతివృత్తులవాళ్ల పథకం పీఎం విశ్వకర్మలో కూడా లోను వస్తుందని కొందరు తిరుగుతున్నారు. అందులో ఉన్న 18 వృత్తుల్లో వడ్రంగి, తాపీ మేస్త్రి ఉన్నారు, ఎలక్ట్రీషియన్ లేడు. ఉండాలని నా అభిప్రాయం. తాపీ మేస్త్రి కట్టిన గోడలో మా కుర్రాడు పైపు దింపితేనే అది ఇల్లవుతుంది.

భార్య పేరు మీద సంస్థ పెడితే హామీ ఎక్కువ, రుసుములో పది శాతం తగ్గింపు అని విని, పేరుకు ఆవిణ్ణి యజమానిని చేసేవాళ్లున్నారు. ఆడవాళ్లకు నేను చెప్పేదొక్కటే. పేరు మీదైతే బాకీ కూడా మీ మీదే. సైట్లు ఎన్ని, ఎవరి దగ్గర ఎంత రావాలి, జీఎస్టీ ఎప్పుడు కట్టాలి అన్నవి మీకు తెలిస్తేనే సంతకం పెట్టండి. తెలిస్తే మాత్రం నిస్సంకోచంగా పెట్టండి.

చివరగా బిల్డర్ల ఆలస్యం గురించి. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెప్తోంది. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. కానీ వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తించదని కొన్ని హైకోర్టులు తీర్పులిచ్చాయి. సామాను, పని కలిపి ఒకే రేటుకు చేసే మా పని సరిగ్గా ఆ గీత మీద ఉంది, లాయరును అడక్కుండా దీని మీద ఆశ పెట్టుకోకూడదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది నిలుపుదల సొమ్ము. మా బిల్డర్లు ప్రతి బిల్లులో 5 శాతం ఆపి, ఫ్లాట్లు అప్పగించాక ఇస్తారు. 60 లక్షల పనికి అది 3 లక్షలు. అంటే బ్యాంకు మమ్మల్ని సొంతంగా పెట్టుకోమన్నదంతా బిల్డరు దగ్గరే నిలిచిపోతుంది. 90 రోజులు దాటిందని మా బ్యాంకు దాన్ని డ్రాయింగ్ పవర్‌లో కలపదు. ఎవరు బాకీ ఉన్నారో, ఎంత ఉన్నారో, ఎప్పుడివ్వాలో సంతకంతో సహా మా దగ్గర కాగితముంది. అలాంటి కాగితమున్న నిలుపుదల సొమ్మునైనా బ్యాంకులు లెక్కలోకి తీసుకోవాలి. రెన్యువల్‌కి వెళ్లినప్పుడల్లా మేనేజరు గారిని ఇది అడుగుతున్నాను, పై ఆఫీసుకు రాస్తానంటున్నారు.